ముఖం సరిపోలలేదు

నవంబరు వస్తే మాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు బతికే ఉన్నామని రుజువు చూపాలి. నా వేలిముద్రలను 34 ఏళ్ల సుద్దముక్కలు అరగదీసేశాయి. మిగిలింది ముఖం. ఫోను ముందు పెట్టి కళ్లార్పితే చాలు.

ఆ పొద్దున కార్తిక సోమవారం. పర్లాకిమిడిలో మా పెరటి బంతిపువ్వు కోసి వాసన చూడబోయాను. లోపల తేనెటీగ ఉంది. (దేవుడి పువ్వును వాసన చూడకూడదని మా అమ్మ చెబుతూనే ఉండేది.) పై పెదవి మీద కుట్టి, పాపం, అదీ ప్రాణం వదిలింది. గంటలో పెదవి గారె, చెంప బూరె. మా ఆవిడ సున్నం పట్టించింది. ఫోను “ముఖం సరిపోలలేదు” అంది. కడుక్కున్నాక కూడా అదే మాట.

పింఛను కార్యాలయంలో గుమాస్తా పాత ఫొటోనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. “బతికే ఉన్నారని కనిపిస్తూనే ఉంది సార్. మీరెవరన్నదే తేలాలి.” ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే నాకు ఆ పెదవితో రెండూ ఒకేలా పలుకుతున్నాయి.

బరంపురంలో జీవరసాయనం చదివే మనవరాలికి ఫోను చేశాను.

“ఊపిరి బాగా ఆడుతోందా తాతయ్యా?”

“ఆడుతోంది.”

“అయితే వినండి” అని పాఠం అందుకుంది. తేనెటీగ విషంలో ఫాస్ఫోలైపేజ్ ఎ2 అనే ఎంజైము ఉంటుందట. కణాల పొరల్లోని కొవ్వుకు అది కత్తెర. ఆ కత్తిరింపులో 20 కర్బనాల అరాకిడోనిక్ ఆమ్లం ఊడిపడితే, సైక్లోఆక్సిజనేజ్ అనే ఇంకో ఎంజైము దాన్ని ప్రోస్టాగ్లాండిన్ల దారి పట్టిస్తుంది. నొప్పికీ వాపుకీ అవే దన్ను. అదే ఆమ్లం వేరే ఎంజైము చేతిలో పడితే, ఉబ్బసంలో ఊపిరి గొట్టాలను బిగించే ల్యూకోట్రయీన్లు తయారవుతాయి.

“అలాంటి కత్తెరలు మన కణాల్లోనూ ఉన్నాయి తాతయ్యా. అమ్మమ్మ కీళ్లవాతానికి తేనెటీగ అక్కర్లేదు.”

ఆస్పిరిన్ ఆ సైక్లోఆక్సిజనేజ్‌ను అడ్డుకుంటుందని 1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త చూపించాడని, 1982లో నోబెల్ అందుకున్నవారిలో ఆయనా ఒకడని చెప్పింది. నేను మాత్రల డబ్బా కోసం లేచాను.

“మీరు వేసుకోకూడదు! కడుపు పొరను కాపాడేదీ ప్రోస్టాగ్లాండిన్లే. మీకసలే కడుపులో పుండు.”

ఇంతసేపు విన్నందుకు దక్కిన వైద్యం, చల్లనీళ్ల గుడ్డ.

మూడో రోజుకు వాపు దిగింది. ఫోను ఒక్క రెప్పపాటులో నన్ను ఒప్పుకుంది. మా ఆవిడ మాత్రం ఎగాదిగా చూసి, “మొన్నే ముఖం కాస్త నిండుగా ఉండేది” అంటూ పూలసజ్జ నా చేతికిచ్చింది.