తాయెత్తు జరిపే చెయ్యి

అలిపిరి మెట్ల దారిలో తెల్లవారుజామున ఎవరైనా కుప్పకూలితే ముందుగా వినిపించేది గోవింద నామమే. చుట్టూ చేరినవాళ్లు మొహాన నీళ్లు చల్లుతారు, అరికాళ్లు రుద్దుతారు, గోవిందా గోవిందా అని గొంతెత్తి పిలుస్తారు. ఆ గుంపులోకి భుజాన సంచితో, ఆయాసపడుతూ ఒక మనిషి వస్తాడు. మోకాళ్ల మీద కూర్చుని రెండు వేళ్లు మెడ పక్కన ఆనిస్తాడు. ఆ క్షణాన అతను ఏ దేవుణ్ని తలుచుకుంటాడో ఎవరూ అడగరు. ఆ వేళ్లు మాత్రం నాడిని వెతుకుతుంటాయి.

ఉద్యోగం పేరు ఈఎంటీ, అంటే అత్యవసర వైద్య సాంకేతికుడు. జనానికి మాత్రం 108 అబ్బాయి, 108 అమ్మాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ అంబులెన్సు సేవ ఇప్పుడు పల్లెపల్లెకూ తెలుసు. వీరి గురించి రాసినప్పుడల్లా జీతాలో, పాత వాహనాలో, ధర్నాలో రాస్తుంటాం. ఈ రోజు వేరే మాట చెప్పాలనిపించింది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ పని చేసేవాళ్లు రోజూ జనం నమ్మకాన్ని చేత్తో తాకుతూ వైద్యం చేస్తున్నారు. అందులో ఎంత ఓర్పుందో మనం సరిగా చూడలేదు.

బీపీ చూడాలంటే దండచేతికి పట్టీ చుట్టాలి. మన దగ్గర చాలామందికి సరిగ్గా అక్కడే తాయెత్తు ఉంటుంది. కత్తెర సంచిలోనే ఉన్నా మంచి ఈఎంటీ దాన్ని కోయడు. మెల్లగా మోచేతి వైపు జరుపుతాడు. పరీక్ష అయ్యాక మళ్లీ పైకి జరుపుతాడు. రెండు క్షణాల పని. కానీ రోగి కళ్లలో బెదురు తగ్గేది ఆ రెండు క్షణాల్లోనే. గుండె ఆగిన ఆడమనిషి ఛాతీ నొక్కాల్సి వచ్చినప్పుడు పుస్తెలతాడు పక్కకు తప్పించాలి. తెంపాల్సి వస్తే ఇంటివాళ్ల చేతిలో, అందరూ చూస్తుండగా పెట్టాలి. గుండు చేయించుకుని చందనం పూసుకున్న యాత్రికుడు ఘాట్ రోడ్డు మలుపులో బండి మీంచి పడితే, తడిగుడ్డతో ఆ చందనం తుడిచి చూస్తేగానీ దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియదు. ఇవన్నీ శిక్షణ పుస్తకంలో ఉండవు. ఈ ఊళ్లో పనిచేస్తూ పట్టుబడతాయి.

పాముకాటు దగ్గర ఈ ఓర్పుకు అసలు పరీక్ష. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మన చేలల్లో ప్రాణం తీసే ఈ నాలుగింటికీ విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది, అది ఆసుపత్రిలోనే ఉంది. అయినా 108 వచ్చేసరికి కొన్ని ఇళ్లలో మంత్రం వేయించడం అయిపోయి ఉంటుంది, పసరు పోసి ఉంటారు, కాటుకు పైన తాడు బిగించి ఉంటారు. ఆ బిగువుకు రక్తం ఆడక కాలు పాడయ్యే ప్రమాదం ఉంది. అక్కడ మంత్రం వేసినాయన్ని తిడితే బండి కదలదు, వాదన మొదలవుతుంది. అనుభవమున్న ఈఎంటీ తగువు పెట్టుకోడు. ‘మంత్రం ఏసినారు గదా పెద్దాయనా, మంచిదే. ఇప్పుడు సూది కూడా ఏపిచ్చుకుందాం రా’ అంటాడు. కాలు కదలకుండా చూసుకుంటూ బండెక్కిస్తాడు. నమ్మకాన్ని అవమానించకుండా ప్రాణం కాపాడే ఈ విద్య ఎంత గొప్పదో ఆ బండి వెనక పరుగెత్తే తల్లికి తెలుసు.

కొండ దారిలో కష్టం ఇంకో రకం. మెట్లు 3,550. ఉపవాసంతో ఎక్కేవాళ్లు, షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకుండా బయల్దేరేవాళ్లు, గుండెజబ్బు సంగతి ఇంట్లో దాచి వచ్చేవాళ్లు ఉంటారు. గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు నడిచి రావద్దని టీటీడీ చెబుతూనే ఉంది. ఛాతీ పట్టేసినా దిగనంటారు. ‘ఇంకొంచెం దూరమే నాయనా, మొక్కు తీర్చేసుకుని వస్తా’ అంటారు. ‘సామి ఎక్కడికీ పోడమ్మా, మళ్లీ వద్దాం’ అని నచ్చజెప్పాలి. నచ్చజెప్పాక మెట్లపూజ పసుపూ కుంకుమా తడిసి జారే రాళ్ల మీద స్ట్రెచర్ మోసుకుని దిగాలి. ఇక్కడ అడుగు తడబడకుండా దిగడం కూడా వైద్యమే.

వీళ్ల సొంత నమ్మకం సంగతేమిటి? అంబులెన్సు అద్దం దగ్గర వెంకన్న పటం ఉంటుంది, ముందు నిమ్మకాయలు వేలాడుతుంటాయి. ఆ బండి నడిపే పైలట్ శుక్రవారం నమాజుకు వెళ్లేవాడు కావచ్చు, వెనక కూర్చున్న అమ్మాయి ఆదివారం చర్చికి వెళ్లేది కావచ్చు. నొప్పులు పడుతున్న తల్లి గంగమ్మను పిలిచినా, అల్లాను పిలిచినా, యేసయ్యను పిలిచినా బిడ్డను అందుకునేది ఆ చేతులే. ఇక బతికించలేమని లోపల అనిపిస్తున్నా ఆ చేతులు ఆగవు. మరణాన్ని ప్రకటించేది డాక్టరే, ఈఎంటీ కాదు. అందుకే ఆసుపత్రి గుమ్మం దాకా నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కుతూనే ఉంటారు. పక్కన కూర్చున్న కొడుకు ‘కొట్టుకుంటోందా అన్నా?’ అని అడుగుతుంటాడు. అబద్ధం చెప్పలేక, నిజం చెప్పే అధికారం లేక లెక్కపెడుతూ ఉండటం ఎంత కష్టమో ఊహించండి. మాకు తెలిసి దానికి మించిన ప్రార్థన లేదు.

ఇలాంటి వాళ్లను ‘దేవుడిలా వచ్చావయ్యా’ అని దండం పెట్టి పంపించేస్తున్నాం. దండం చాలదు. పన్నెండేసి గంటల షిఫ్టు చేసి, మూడు చావులు చూసి ఇంటికెళ్లిన పిల్లవాడు ఎలా నిద్రపోతున్నాడని ఏ అధికారీ అడగడం లేదు. ఎనిమిది గంటల పని కోసం వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు, అది న్యాయమైన కోరిక. నిర్వహణ సంస్థ మారినప్పుడల్లా ఉద్యోగం ఉంటుందో పోతుందో అని బిక్కుబిక్కుమనే పరిస్థితి పోవాలి. అత్యవసర వైద్య సాంకేతికుల్ని ఆరోగ్య వృత్తుల జాబితాలో చేర్చుతూ 2021లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ గౌరవం కాగితం దిగి వాళ్ల దాకా రావాలి. మనసు విప్పి చెప్పుకోవడానికి జిల్లాకొక నిపుణుణ్ని పెట్టడం ప్రభుత్వానికి భారం కాదు.

మన బాధ్యతా ఉంది. అంబులెన్సుకు దారివ్వకపోతే 10,000 రూపాయల జరిమానా అని మోటారు వాహనాల చట్టం 2019 నుంచి చెబుతోంది. జాతర రోజుల్లో, గరుడ సేవ నాడు తిరుపతి వీధుల్లో సైరన్ మోగుతుంటే జరిమానా గుర్తొచ్చి జరగాలా? లోపలున్నది మనింటి మనిషైతే ఎలా జరుగుతామో అలా జరగాలి. రోడ్డు మీద దెబ్బతిన్నవాణ్ని ఆసుపత్రికి చేర్చినవారిని కేసుల పేరుతో వేధించకూడదని అదే చట్టం రక్షణ ఇచ్చింది. ఈ సంగతి ఇంకా చాలామందికి తెలియదు. తెలియకే చిత్తూరు, బెంగళూరు రోడ్డులో మొగిలి ఘాట్ దగ్గర బండి ఆపడానికి జంకుతున్నారు.

2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అంత జనంలోకి అంబులెన్సు చేరేదాకా ఉన్న నిమిషాలు పక్కనున్నవాళ్లవే. గుండె ఆగాక నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఎంత వేగంగా వచ్చే బండైనా ఆ లెక్కను ప్రతిసారీ గెలవలేదు.

అందుకే టీటీడీకి ఒక్క విన్నపం. 2000 సంవత్సరం నుంచి శ్రీవారి సేవకులు దేశం నలుమూలల నుంచీ కొండకు వస్తున్నారు. క్యూలలో నీళ్లిస్తారు, అన్నం వడ్డిస్తారు. సేవకు ముందు వాళ్లకిచ్చే శిక్షణలో ఒక గంట ఛాతీ నొక్కడం నేర్పించండి. నడకదారి పొడవునా దుకాణాలు నడిపేవాళ్లకూ, కాపలా సిబ్బందికీ నేర్పించండి. నేర్పడానికి గురువుల కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు, మన ఈఎంటీలున్నారు. వచ్చే బ్రహ్మోత్సవాల్లోపు సేవా సదన్‌లో ఒక శిక్షణ బొమ్మ, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్న ఒక 108 అమ్మాయి, చుట్టూ సేవకులు కనిపించాలి.