సవరణ: ట్రాక్టరు డీజిల్ లైనులో గాలి తీసే క్రమం

డీజిల్ అయిపోయి, లైనులోకి గాలి చేరి ఆగిన ట్రాక్టరుకు నాజిల్ (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) పైపుల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడితే చాలునని ఇంతకుముందు ఇక్కడ వచ్చిన సూచనను, వేరుశనగ విత్తే అదనులో ఉన్న అనంతపురం రైతులు ఈ సవరణతో కలిపి చదువుకోవాలని కోరుతున్నాము. నాజిళ్ల దగ్గర గాలి తీయడం చివరి పని. ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టకపోతే ఫిల్టరులో మిగిలిన గాలి మళ్లీ ఇంజెక్షన్ పంపులోకే (నాజిళ్లకు ఒత్తిడితో డీజిల్ పంపే పంపు) చేరుతుంది, ఈలోగా బ్యాటరీ దిగిపోతుంది.

ట్యాంకులో తగినంత డీజిల్ పోసి, ఫిల్టరు మీది గాలి స్క్రూ చుట్టూ పట్టిన దుమ్మును తుడిచి, దానిని ఒకటి రెండు చుట్లు వదులు చేసి, చేతి పంపును నిదానంగా కొట్టాలి. మొదట నురగ, తరువాత బుడగలు, చివరకు నిండు ధార వస్తాయి. ఆ ధార పారుతుండగానే స్క్రూ బిగించాలి. ఇంజెక్షన్ పంపు స్క్రూ దగ్గరా ఇదే పద్ధతి. చేతి పంపు మీట పట్టు లేకుండా ఆడితే పాడైందని వెంటనే విప్పనక్కరలేదు. ఆ పంపును నడిపే లోపలి క్యామ్ (ఇంజన్‌తో తిరిగే ఉబ్బెత్తు భాగం) ఎత్తు మీద ఆగి ఉండవచ్చు కనుక ఇంజన్‌ను కొద్దిగా తిప్పి చూడాలి.

ఆ తరువాతే నాజిల్ నట్లు వదులు చేసి, ఇంజన్ ఆపే స్టాప్ నాబ్ లోపలికి నెట్టి, సెల్ఫ్‌ను ఒక్కో విడతకు 10 సెకన్లు మించకుండా కొట్టాలి. అప్పుడు అక్కడ చేయి పెట్టరాదు: ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, గాయం సూదిమొన అంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కామన్ రైల్ (అన్ని నాజిళ్లకూ ఒకే పైపులో చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ నిలిపి ఉంచే) ఇంజన్లలో ఈ నట్లను అసలు ముట్టుకోకూడదు.