మంచుకు షోకాజ్ నోటీసు

నా క్లయింటు సగటు స్నోమొబైల్ రైడర్, అంటే మంచు మీద నడిచే మోటారు బండి తోలేవాడు. ఆయన తరఫున చలికాలానికి ఈ నోటీసు పంపుతున్నాను. ఏడు రోజుల్లో జవాబివ్వాలి. జవాబు మంచు రూపంలో ఉంటే సరే, వాన రూపంలో వస్తే ఒప్పుకునేది లేదు.

ముందు తేదీల సంగతి. అమెరికాలోని మిషిగన్‌లో ట్రెయిళ్ళ (ఈ బళ్ళ కోసం మంచు మీద వేసే దారుల) సీజన్ డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకు. వెర్మాంట్‌లో డిసెంబరు 16 నుంచి ఏప్రిల్ 15 వరకు. ఇంత స్పష్టంగా రాసిపెట్టి ఉండగా, డిసెంబరు సగం గడిచినా ఆకాశం తీరుబడిగా ఆలోచిస్తూ కూర్చుంటే ఎలా? 2023-24లో అయితే మరీ బరితెగించింది. అమెరికా ప్రధాన భూభాగంలోనూ కెనడాలోనూ రికార్డుల్లోకెక్కిన అత్యంత వెచ్చని చలికాలం అదే. విస్కాన్సిన్‌లో ఏటా అడవుల మధ్య దాదాపు 50 కిలోమీటర్లు సాగే బర్కెబైనర్ స్కీ పోటీని ఆసారి 10 కిలోమీటర్ల చుట్టుదారికి కుదించారు, అదీ మెషిన్లతో తయారుచేసిన మంచు పరిచి. స్కీయింగ్ చేసేవాళ్ళు ఓపిక గలవాళ్ళు. గానుగెద్దుల్లా అందులోనే తిరిగి, సంతోషంగా ఇళ్ళకు వెళ్ళారు. నా క్లయింటుకు అంత ఓపిక లేదు.

తన వైపు నుంచి ఆయన చేయాల్సినవన్నీ చేశారు. బండి కొన్నారు, దాన్ని లాక్కెళ్ళడానికి ట్రెయిలర్ కొన్నారు, పర్మిట్ తీసుకున్నారు, క్యాన్సిల్ చేస్తే పైసా వాపసు రాని గది బుక్ చేశారు. అన్నిటికీ మించి రెండు నెలల ముందే లీవు పెట్టి మేనేజరుతో ఊ అనిపించారు. సాక్షాత్తు మేనేజరే ఒప్పుకున్నాక వాతావరణం అడ్డుపడటం ఎక్కడి న్యాయం?

కెనడాలోని ఒంటారియోలో దారులు చూసుకునే స్నోమొబైల్ క్లబ్బుల సమాఖ్య ఆన్‌లైన్ మ్యాపులో దారులకు రంగులు వేస్తుంది. పచ్చ రంగుంటే వెళ్ళొచ్చు, పసుపు ఉంటే చూసుకుని వెళ్ళాలి, ఎరుపుంటే మూసేశారని. ఈ రంగులకు నా క్లయింటు సొంత భాష్యం చెప్పుకున్నారు. పచ్చ అంటే అందరూ వస్తారు, రద్దీ. పసుపు అంటే కొందరే వస్తారు, నయం. ఎరుపు అంటే ఒక్కడూ రాడు, దారంతా మనదే.

ఇక గ్రూమర్ మీద ఫిర్యాదు. ఇది కాస్త పెద్దది. గ్రూమర్ అంటే దారిని చదును చేసే బండి, ట్రాకుల మీద, అంటే చక్రాల బదులు తిరిగే వెడల్పాటి పట్టీల మీద నడిచే భారీ ట్రాక్టరు. వెనకాల డ్రాగ్ అనే పొడవాటి ఇనప చట్రాన్ని లాగుతుంది. చట్రంలోని బ్లేడ్లు గతుకుల నెత్తి కోసి, ఆ మంచును పొడి చేసి గుంటల్లోకి తోస్తాయి. చివర్న ఉన్న వెడల్పాటి రేకు దాన్ని అదిమి నున్నగా చేస్తుంది. నడిపేది చాలాచోట్ల క్లబ్బు వాలంటీరే. పగలంతా సొంత పని చూసుకుని రాత్రి క్యాబిన్ ఎక్కుతాడు. గంటకు పది పదిహేను కిలోమీటర్ల చొప్పున తెల్లవారుజాము దాకా అడవిలో ఒంటరిగా పోతుంటాడు. రాత్రే ఎందుకంటే అప్పుడు చలెక్కువ, జనం తక్కువ. పొడి అయిన మంచు రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడాలంటే వాటిని కొన్ని గంటలు గడ్డకట్టే చలిలో కదపకుండా వదిలేయాలి. ఆ గంటలు గడిస్తే దారి రోడ్డులా బిగుస్తుంది. గడవకముందే ఎవరైనా తొక్కితే రాత్రంతా కాల్చిన డీజిల్ వృథా.

నా క్లయింటుకు గ్రూమర్ వెనక దీపాలు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. అప్పుడే పరిచిన దారి మీద మొదటి ముద్ర తనదే పడాలి. మలుపు దాటగానే కుడి బొటనవేలితో థ్రాటిల్ నొక్కుతారు. ట్రాకు గిర్రున తిరిగి మంచును వెనక్కి చిమ్ముతుంది, అక్కడో గుంట. తర్వాతి మలుపు ముందు బ్రేకు, మంచు ముందుకు తోసుకొచ్చి అక్కడో కుప్ప. వెనకొచ్చే మిత్రుడు ఆ కుప్ప మీద ఎగిరి దబ్బున దిగిన చోట మరో గుంట. మధ్యాహ్నానికల్లా నడుం విరిగే దారి తయారు. సాయంత్రం ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో కాఫీ పట్టుకుని, “అసలీ క్లబ్బు వాళ్ళు గ్రూమింగ్ చేస్తున్నారా?” అని నిలదీసేది నా క్లయింటే. ఆడలేక మద్దెల ఓడు అన్న పెద్దలు, మద్దెలకు చిల్లి కూడా తానే పెట్టేవాణ్ణి చూసి ఉండరు.

రెండంగుళాల మంచు పడితే గ్రూమర్ బయటికి తీయరేం అని కూడా ఆయన అడగమన్నారు. తీస్తే బ్లేడ్లు మట్టినీ రాళ్ళనూ పైకి లేపుతాయట. మట్టి కలిసి నల్లబడిన మంచు ఎండను పీల్చుకుని ఇంకా తొందరగా కరుగుతుందట. ఈ వాదనకు మా దగ్గర జవాబు లేదు కాబట్టి ఆ అంశాన్ని నోటీసు నుంచి తొలగించడమైనది.

మూసేసిన ట్రెయిళ్ళకు అడ్డంగా దించిన గేట్ల విషయంలో మాత్రం చరిత్ర మా పక్షాన ఉంది. కెనడాలో క్వెబెక్‌లోని వాల్‌కోర్ట్‌లో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్ 1934 చలికాలంలో, మంచుతో దారులు మూసుకుపోయి, జబ్బుపడిన పసివాణ్ణి ఆస్పత్రికి చేర్చలేక కొడుకును పోగొట్టుకున్నాడు. మంచు మీద నడిచే బండి కోసం పట్టుదలగా కృషి చేసి 1937లో పేటెంటు తెచ్చుకున్నాడు. ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి, స్కీ-డూ, 1959లో వచ్చింది. అంటే ఈ వాహనం పుట్టిందే దారి మూసుకుపోయినప్పుడు వెళ్ళడానికి. మరి దారి మూసి ఉందని దీన్నే ఆపడం బొంబార్డియర్‌ను అవమానించడం కాదా? ఆయన వెళ్ళాలనుకున్నది ఆస్పత్రికి, మీరు వెళ్తున్నది బర్గర్ తినడానికి కదా అని ఎవరైనా అంటే, అది సాంకేతికమైన తేడా అని మనవి.

రైతుల గురించి కూడా చెప్పాలి. విస్కాన్సిన్, మెయిన్ లాంటి చోట్ల ట్రెయిళ్ళలో పెద్ద భాగం ప్రైవేటు భూముల మీదుగా పోతుంది. పోనిచ్చేది భూయజమాని మంచితనం. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు ఆపేసే హక్కు ఆయనకుంది. ఒక్క పొలం మూతపడితే మైళ్ళ కొద్దీ దారి రెండు ముక్కలవుతుంది. అందుకే క్లబ్బు వాళ్ళు పొలం వెంబడి గుర్తు కర్రలు పాతి, ఇటే వెళ్ళండని బాణాలు పెడతారు. నా క్లయింటు దృష్టిలో బాణం అనేది ఒక సూచన. పక్కనే తెల్లగా, చదునుగా, ఎవరూ తొక్కని నేల కనిపిస్తుంటే ఎవరు మాత్రం ఆగగలరు? ఆ పలచని మంచు కింద శీతాకాలపు గోధుమ మొలకలున్నాయని, ట్రాకు పళ్ళు వాటిని మొదలంటా చీల్చేస్తాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. బోర్డు మీద రాశారు గానీ, గంటకు 90 కిలోమీటర్ల వేగంలో బోర్డులు చదవడం సాధ్యమా? ఒంటారియో చట్టం ట్రెయిల్ మీద 50 దాటొద్దంటుంది. ఆ వేగంలో అయితే చదవొచ్చు. కానీ చదవడానికి ఎవరొచ్చారు?

గడ్డకట్టిన సరస్సుల మీది ఐస్ విషయంలో నా క్లయింటుకు పూర్తి అవగాహన ఉంది. మిన్నెసోటా సహజ వనరుల శాఖ లెక్క ప్రకారం కొత్తగా కట్టిన గట్టి, తేటైన ఐస్ మనిషి నడవాలంటే 4 అంగుళాలు, స్నోమొబైల్ వెళ్ళాలంటే 5 నుంచి 7 అంగుళాలు ఉండాలి. మంచు తడిసి మళ్ళీ గడ్డకట్టిన తెల్ల ఐస్‌కు అందులో సగం బలమే, కాబట్టి రెట్టింపు మందం కావాలి. వెచ్చబడి, చల్లబడి, మళ్ళీ వెచ్చబడే చలికాలంలో దొరికేది ఎక్కువగా ఈ తెల్లదే. పైగా సరస్సులోకి వాగు కలిసే చోట, ఊటలున్న చోట, వంతెనల కింద మందం ఎక్కడికక్కడ మారిపోతుంది. అందుకే 150 అడుగులకొకసారి రంధ్రం చేసి చూసుకోమంటారు. నా క్లయింటు పద్ధతి ఇంతకంటే తేలిక. ఒడ్డున బండాపి, ఎవరిదైనా ట్రాకు గుర్తు సరస్సులోకి వెళ్ళిందేమో చూస్తారు. వెళ్ళి ఉంటే చాలు. అవతలి ఒడ్డున బయటికొచ్చిందా అన్నది వేరే ప్రశ్న. మెడలో ఐస్ పిక్స్ (నీళ్ళలో పడితే ఐస్‌లో గుచ్చి పైకి పాకడానికి పనికొచ్చే మేకులు) వేసుకోండి, నీట్లో తేలే సూట్ తొడుక్కోండి అంటే ఆయనకు నచ్చదు. మునిగే ఉద్దేశమే లేనివాడికి మునిగితే పనికొచ్చే వస్తువులెందుకు?

బండి కూడా ఆయన మాట వినడం లేదు. లిక్విడ్ కూలింగ్ బళ్ళలో వేడిని తీసేసేది ట్రాకు పైకి ఎగజిమ్మే మంచే. ట్రాకు లోపల దాన్ని ఆనుకుని ఉండే పట్టాల కింది ప్లాస్టిక్ స్లైడర్లకు తడి అందించేదీ అదే. దారి గట్టి ఐస్‌గా మారితే ఎగరడానికి మంచుండదు, ఇంజిన్ కాగిపోతుంది, ప్లాస్టిక్ కరిగి కంపు కొడుతుంది. ఐస్‌ను గీకి పొడి లేపే స్క్రాచర్లు దించుకుంటే చాలావరకు నెట్టుకురావచ్చు. నా క్లయింటువి ఇంకా డబ్బాలోనే, సీలు కూడా విప్పకుండా, గ్యారేజీలో భద్రంగా ఉన్నాయి. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగితే, మ్యాపులో ఎరుపును చదివినట్టే దీన్నీ చదువుకుంటారు.

రాత్రి ఒక బార్ నుంచి ఇంకో బార్‌కు, హెడ్‌లైట్ వెలుగు చేరేలోపే తాను చేరిపోయే వేగంతో వెళ్ళడం గురించి నోటీసులో ఏమీ రాయొద్దని క్లయింటు కోరారు. రాయడం లేదు.

చలికాలం గడువులోగా జవాబివ్వకపోతే రాజీకి కూడా మేం సిద్ధం. విస్కాన్సిన్‌లోని గ్రాంట్స్‌బర్గ్‌లో మెమొరీ లేక్ అనే సరస్సు ఉంది. అక్కడ 1977లో మొదలై వేసవిలో స్నోమొబైల్ పోటీలు జరుగుతున్నాయి. ఐస్ మీద కాదు, నీళ్ళ మీదే. థ్రాటిల్ నొక్కి ఉంచినంతసేపు బండి నీటి మీద దూసుకుపోతుంది, వదిలితే మునుగుతుంది. మునిగినదాన్ని బయటికి లాగే ఏర్పాట్లు ముందే చేసి ఉంచుతారు. మంచు కోసం ఎదురుచూపుల్లేవు, గ్రూమర్ లేదు, గోధుమ చేను లేదు, గేటు లేదు. ఇదంతా వివరంగా చెప్పాను. నా క్లయింటు శ్రద్ధగా విని, “నీళ్ళ మీదా? అమ్మో, ప్రమాదం కదండీ!” అన్నారు.