పంటు సరంగుకు పెద్దపీట

మా మేనల్లుడు ఈ సంక్రాంతికీ అంతర్వేది రాలేదు. పైలట్. వాడి కంపెనీ ఇంకోదాంట్లో కలిసిపోయింది, సీనియారిటీ జాబితాలో వాడు వందల మెట్లు జారాడు. అక్క ఫోన్లో "పన్నెండేళ్లు నడిపావు కదరా, సెలవివ్వరా?" అంటే, "నడిపింది చిన్న విమానం కదమ్మా" అన్నాడట.

సెలవులూ ఆ జాబితా వరసలోనే. కంపెనీలు కలిస్తే రెండు జాబితాలనూ పైలట్లు చేరిన తేదీని బట్టి కాదు, నడిపే విమానం సైజునూ హోదానూ బట్టి కలపాలట. ఆహా, ఏం శాస్త్రం! నడవాలు రెండుంటే వైడ్‌బాడీ, ఒకటే అయితే నారోబాడీ, ఆ కింద పంకాలతో ఎగిరే బుల్లి ఏటీఆర్. ఒక్కో గదిలో కెప్టెన్లు వేరు, వాళ్ల పక్కన కూర్చునే ఫస్ట్ ఆఫీసర్లు వేరు. ఇక ఆ కంపెనీ ముగ్గురికి ఈ కంపెనీ ఒకరు చొప్పున జడ అల్లడమే.

మన సఖినేటిపల్లి రేవులో పడవలు నడిపే హక్కు వేలంలో పాడుకున్న ఇద్దరు పాటదారులు కలిశారనుకోండి. కమిటీ టేపు పట్టుకుని దిగుతుంది. లారీ ఎక్కే పంటు వైడ్‌బాడీ. మోటారు సైకిళ్లెక్కే మరపడవ నారోబాడీ. ముప్పయ్యేళ్లుగా వశిష్ఠ గోదావరిలో ఏ ఇసుకమేట ఎక్కడ లేస్తుందో కళ్లు మూసుకుని చెప్పే ముసలి సరంగు నోరు తెరవబోతే, "మీ పడవలో లారీ పడుతుందా?" అని గద్దింపు. "గేదె పడుతుందండి." గేదె ఏ కేటగిరీ? ఉపసంఘం వేశారు. నడిగోదాట్లో అది ఈనితే? ఉపసంఘం గడువు పొడిగించారు.

నవ్వకండి. అమెరికాలో 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిస్తే, వైడ్‌బాడీలు యూఎస్ ఎయిర్‌వేస్ దగ్గరే ఉన్నాయని మధ్యవర్తి 2007లో ఆ కంపెనీ పైలట్లు 517 మందిని జాబితా నెత్తిన కూర్చోబెట్టాడు. కింద మాత్రం అదే కంపెనీలో పదిహేనేళ్లు దాటినవాళ్లు అవతలి కంపెనీ కుర్ర పైలట్ల వెనక పడ్డారు. ఒళ్లు మండి 2008లో యూనియన్నే మార్చేశారు. మన ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో కలిశాయి. కొత్త వైడ్‌బాడీ డ్రీమ్‌లైనర్ శిక్షణ ఎవరికన్న పేచీతో 2012లో 58 రోజులు పైలట్ల సమ్మె.

చేరిన తేదీ ప్రకారం కలిపితే, మునిగే పడవలోని పాతకాపు వచ్చి ఇవతలివాడి చుక్కాని లాక్కుంటాడట. అదీ నిజమే, ఉండనీయండి. కానీ విమానం కొన్నది పైలటా? ఏది కొనాలో తేల్చింది బోర్డులో కూర్చున్న దొరలు. అలిగి ఇంకో కంపెనీకి పోదామా అంటే అక్కడ జాబితాలో ఆఖరివాడు! జోరువానలో, అడ్డగాలిలో రాజమండ్రి మధురపూడి రన్‌వే మీద ఏటీఆర్ దించేవాడి వెనక కూర్చున్న ఆ డెబ్బై మందీ మనుషులు కారా? అరటిగెలలా?

అరిసెల డబ్బా అక్క తెరిచేసింది. మొదటి రెండూ మా బావకే. ఆయన ఎడ్లబండి తప్ప ఏదీ తోలలేదు.