ఈయనకి నువ్వేటవుతావు?

ఈ దేశంలో మొదటి దరఖాస్తు ఫారం తయారుచేసిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి పాదాభివందనం. పేరు, వయసు, చిరునామా రాయించుకున్నాక ఓ చిన్న గడి వదిలాడు: 'సంబంధం'. అంగుళంన్నర ఉంటుంది.

మన తెలుగుకి వరసల కరువా? పెళ్లాం చెల్లెలి మొగుడు తోడల్లుడు, మొగుడి తమ్ముడి పెళ్లాం తోడికోడలు. తాళి లేకుండా పాతికేళ్లు ఒకే కుండలో కూడు తిన్న మనిషికి మాత్రం పేరు లేదు. 'సహజీవనం' అనే మాట ఉందంటారా? హత్య జరిగితే తప్ప పేపర్లో కనబడదది. ఇక ఊళ్లో వాడే మాటంటారా, గడిలో రాయలేం.

శ్రీకాకుళంలో ఓ ఆస్పత్రి కౌంటరనుకోండి. రాత్రి రెండు. ఆయన స్ట్రెచర్ మీద. ఆపరేషనుకి సంతకం కావాలి.

"ఈయనకి నువ్వేటవుతావు?"

"నానే సూసుకుంతాను బాబూ."

"అదికాదమ్మా. ఏటవుతావు?"

"పద్దెనిమిదేళ్లై కలిసే ఉంతన్నాం."

"మరైతే సొంతోళ్లనెవర్నైనా పిలు."

బీపీ మాత్ర పేరు, ఏ మందు పడదో, ఎన్నింటికి తిన్నాడో ఆవిడే చెప్పాలి. అవన్నీ శ్రద్ధగా రాసుకుంటారు. సంతకం మాత్రం సొంతోళ్లది. సొంతోడంటే పలాసలో ఉన్న తమ్ముడు, గట్టు తగువులో పదేళ్లకిందటే మాటలు మానేసినవాడు. పొద్దున్న ప్యాసింజరుకి దిగుతాడు. మెదడులో నెత్తురు మర్యాద తెలిసినదైతే అందాకా ఆగాలి.

చట్టం ఉత్తి చేతుల్తో పంపలేదు సుమా! 2005 గృహహింస చట్టం 'వివాహం లాంటి బంధా'న్ని గుర్తించింది. కొట్టినా, గెంటినా మేజిస్ట్రేటుని ఆశ్రయించొచ్చు. అదే ఇంట్లో ఉండే హక్కు, డబ్బు సాయం అడగొచ్చు. 2010లో సుప్రీంకోర్టు షరతులు చెప్పింది: నలుగురిలో మొగుడూపెళ్లాల్లా మెలగాలి, వయసు నిండాలి, పెళ్లాడే అర్హత ఇద్దరికీ ఉండాలి, ఇష్టపడి చాలాకాలం కలిసుండాలి. ఆయన మొదటి భార్యకి విడాకులివ్వలేదా? మూడో షరతు దగ్గరే తలుపు మూత. బద్ధకం ఆయనది, శిక్ష ఈవిడకి.

పోనీ, అన్నీ కుదిరాయి. ఆయన వీలునామా లేకుండా పోయాడు. 1956 హిందూ వారసత్వ చట్టం తీయండి. మొదటి తరగతి వారసులు, అంటే భార్య, పిల్లలు, తల్లి వగైరా లేకపోతే రెండో తరగతి: అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు, బాబాయిలు, మేనత్తలు, తొమ్మిదో మెట్టున మేనమామ. వాళ్లూ లేకపోతే దూరపు బంధువులు. ఎవరూ దొరక్కపోతే సర్కారు! అంటే కలెక్టరాఫీసు కూడా చుట్టమే. మంచాన పడ్డవాడి మలమూత్రాలెత్తిన మనిషి ఏమీ కాదు. సిగ్గుండక్కర్లేదా ఎవరికీ? శవం తమ్ముడికప్పగిస్తారు, ఇంటి తాళం తమ్ముడు వేస్తాడు, ఆవిడ చీరలు అరుగు మీద!

కాబట్టి బతికుండగానే కాగితం పని చూసుకోండి. బ్యాంకు ఖాతాకి ఎవర్నైనా నామినీగా పెట్టుకోవచ్చు. కానీ నామినీ డబ్బు పుచ్చుకునే మనిషే, వారసులు కోర్టుకెక్కితే హక్కు వాళ్లది. పీఎఫ్‌లో ఆ వీలూ లేదు: ఆయన మీద ఆధారపడ్డ తల్లి ఉంటే ఈవిడ పేరు చెల్లదు. మిగిలింది వీలునామా. తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఈవిడ మాత్రం సాక్షిగా చేయకూడదు, అవతలి ప్లీడరుకి పండగవుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి; దొంగ సంతకమని తమ్ముడు ఎలాగూ అంటాడు.

వీలునామాకి వరస అక్కర్లేదు. అయినా డాక్యుమెంట్ రైటరు కళ్లజోడు సర్దుకుని "ఈవిడ మీకేటవుతారండీ?" అంటాడు. ఫీజు ఇచ్చేది మీరు. పేరు రాసుకోమనండి.