చిప్పు పోయి చేతికి చిప్ప: మౌంట్ కంట్రోల్ బోర్డు గారికి లేఖ

మహారాజశ్రీ కంట్రోల్ బోర్డు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాయాలి. నేను కుశలంగా లేను, తమరు అసలే లేరు.

నా టెలిస్కోపును మోస్తూ చుక్కల వెంట తిప్పే మౌంటుకు తమరే మెదడు. మొన్న అమావాస్య రాత్రి అనంతగిరిలో తమరు చేసిన సన్మానం మరువలేనిది. మబ్బులేని రాత్రి కోసం నెలరోజులు ఎదురుచూసి, హైదరాబాద్ నుంచి బరువంతా మోసుకొచ్చి, చలిలో మోకాళ్ళ మీద కూర్చుని మౌంటు ఇరుసును ధ్రువనక్షత్రానికి గురిపెట్టి, ఓరియన్ నెబ్యులా అనే వెలుగు మబ్బును ఫ్రేములోకి తెచ్చేసరికి తమరు 'కిచ్' అన్నారు. ఆపైన మౌనవ్రతం. ఎర్ర లైటు మాత్రం వెలుగుతూనే ఉంది, ఇంట్లోనే ఉండి లేరని చెప్పించే పెద్దమనిషిలా.

భూమి ఆగదు కదా! సెకనుకు 15 ఆర్క్‌సెకన్ల (డిగ్రీని 3600 ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఆర్క్‌సెకను) చొప్పున ఆకాశం జరిగిపోయింది. అర నిమిషం ఫోటోలో చుక్కలన్నీ సేమ్యా. మా అబ్బాయి చూసి "ఇన్ని తోకచుక్కలా నాన్నా?" అన్నాడు.

హ్యాండ్ కంట్రోలర్ బటన్ మూడుసార్లు నొక్కితేగాని పలకదు, పవర్ పిన్ను దోమ వాలినా ఊడిపోతుంది. వాటిని ఎప్పుడో క్షమించాను.

ఇంటికొచ్చి మూత విప్పాను. 12 వోల్టులు వస్తున్నాయి. రెగ్యులేటర్ 5 వోల్టులు ఇస్తోంది. చుక్కల వెంట తూర్పు నుంచి పడమరకు తిప్పే రైట్ అసెన్షన్ మోటారు వైరు పీకి, ఉత్తర దక్షిణాలకు తిప్పే డిక్లినేషన్ మోటారు సాకెట్లో పెడితే శుభ్రంగా తిరిగింది. అంటే పోయింది మోటారు కాదు, దాన్ని నడిపే డ్రైవర్ చిప్పు. అప్పటికీ నాకు కోపం రాలేదు. చిప్పులన్నాక పోతాయి. నంబరు చూసుకుని కొత్తది వేద్దామని భూతద్దం పెట్టాను.

నంబరు లేదు. గీకేశారు!

ఎవరో ఫ్యాక్టరీలో కూర్చుని, పనిగట్టుకుని, ఉప్పు కాగితంతో రుద్దినట్టు అక్షరాలన్నీ అరగదీశారు. ఎవరైనా కాపీ కొడతారని భయమట. కాపీ కొట్టేవాడు ఎలాగూ కొడతాడు. బాగుచేసుకునేవాడి పొట్టే కొట్టారు.

కోఠి గుజరాతీ గల్లీలో మూడు షాపులు తిరిగాను. "నంబర్ చెప్పండి సార్." "గీకేశారండీ." "మరి నేనేమియ్యాలె సార్?" పాపం, అతనన్నదాంట్లో తప్పేముంది? కంపెనీకి రాస్తే ఆ మోడల్ ఆపేశాం, కొత్త మౌంట్ కొనుక్కోండి అన్నారు. గేర్లు, బేరింగులు, ఇనుము అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. గోరంత ముక్క పేరు చెప్పనందుకు అదంతా తూకానికి వేయాలా?

1901లో మన నిజామియా అబ్జర్వేటరీ మొదలైన రోజుల్లో పెద్ద దుర్భిణుల్ని, వేలాడే బరువుతో నడిచే గడియారం తిప్పేది. పన్ను విరిగితే విరిగిందని కంటికి కనిపించేది. ఏ చక్రానికి ఎన్ని పళ్ళో ఎవడూ గీకేయలేదు.

ఇక మర్యాద చాలు. ఒరేయ్, డబ్బు పోసి కొన్నది నేను. నా బల్ల మీద, నా కరెంటు తింటూ, నాకే పేరు చెప్పవా?

రాత్రి ఇక తెగించాను. నీ డిక్లినేషన్ వైపు దాని కవల చిప్పు ఉంది కదా. దానికీ పేరు లేదు, ప్రాణం మాత్రం ఉంది. వేడిగాలి కొట్టి లేపి, చచ్చినదాని చోట అతికించాను. చుక్క వెంట నడవడానికి ఆ ఒక్క మోటారు చాలు. రెండోది చేత్తో తిప్పుకుంటాను. మేడ మీద స్విచ్చి వేస్తే కాస్త మూలిగి, కదిలావు. ఊరి లైట్ల మధ్యే అర నిమిషం ఫోటో తీశాను. చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి. ఒంటిగంటకి అబ్బాయిని లేపి మరీ చూపించాను, వాళ్ళమ్మ తిట్టింది.

వచ్చే అమావాస్యకి మళ్ళీ అనంతగిరి. నీ కోసం ఒక పాత శాలువా కూడా తెస్తాను. కిచ్ అన్నావో...

ఇట్లు,
నిన్ను మోసేవాడు