పిచ్చి సైంటిస్టు ల్యాబుకి ఎర్తింగ్ లేదు

పాత హారర్ సినిమాల్లో పిచ్చి సైంటిస్టు ల్యాబు ఒక్కసారి చూస్తే చాలు, నిర్మాత జేబులో ఎంతుందో చెప్పేయొచ్చు. డబ్బున్న సినిమా అయితే గోడ పొడవునా యంత్రాలు, రెండు కడ్డీల మధ్య పైపైకి పాకే మెరుపులు. 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’కి కెనెత్ స్ట్రిక్‌ఫాడెన్ తయారుచేసిన సామాను ఎంత గట్టిదంటే, 1974లో అదే కథని వెక్కిరిస్తూ తీసిన ‘యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్’కి కూడా పనికొచ్చింది. డబ్బులేని సినిమా అయితే ఒక బల్ల, దాని మీద గాజు సీసాలు, వాటిల్లో రంగునీళ్ళు, ఒక రబ్బరు గొట్టం. ఆ గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో దర్శకుడికి కూడా తెలియదు. పొగ మాత్రం రావాలి. పొగ రాకపోతే ఆయన సైంటిస్టని ఎవరు నమ్ముతారు?

నాకు ఈ రెండో రకమే ప్రాణం. 1940లో వచ్చిన ‘ద డెవిల్ బ్యాట్’ చూడండి. కంపెనీవాళ్ళు తనని మోసం చేశారని ఒక డాక్టరుగారికి కోపం. కోర్టుకి వెళ్ళచ్చు, ఉద్యోగం మానేయొచ్చు. ఆయన గబ్బిలాలకి కరెంటు పెట్టి పెద్దవి చేస్తాడు. గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్ ఒకటి కనిపెట్టి, దాని వాసన తగిలితే చాలు మీద పడేలా వాటికి తర్ఫీదు ఇస్తాడు. ఇక యజమానుల దగ్గరికి వెళ్ళి, మెడ మీద మెత్తగా ఉండేచోట రాసుకోండి అని మర్యాదగా చెబుతాడు. వాళ్ళు అంతే మర్యాదగా రాసుకుంటారు. అంత ఓపికా అంత క్రమశిక్షణా ఉన్న మనిషిని పిచ్చివాడు అనడానికి నాకు మనసొప్పదు.

‘ద కిల్లర్ ష్రూస్’ (1959)లో మనుషుల్ని తినడానికొచ్చే రాకాసి చుంచెలుకలు నిజానికి కుక్కలు. వాటి వీపుల మీద బొచ్చు కప్పి వదిలారు. మనుషుల్ని తరమాల్సిన ఆ జీవాలు ఎవరో బంతి విసిరినట్టు హుషారుగా పరిగెత్తుతుంటాయి. ఇక ‘ద బ్రెయిన్ దట్ వుడ్ంట్ డై’ ఇంకో మెట్టు పైన. కారు ప్రమాదంలో కాబోయే భార్య తల తెగిపోతే, డాక్టరు ఆ తలని కోటులో చుట్టుకుని పరిగెత్తి, ఒక పళ్ళెంలో పెట్టి బతికిస్తాడు. తర్వాత ఆ తలకి నప్పే ఒళ్ళు కోసం ఊళ్ళోని నైట్ క్లబ్బులన్నీ వెతుకుతాడు. పాపం, ఎంత కష్టమైన పరిశోధనో! తీసింది 1959లో, విడుదలైంది 1962లో. ఇంత వ్యవధి దొరికినా, సినిమా మొదట్లో ‘బ్రెయిన్’ అని వేసిన పేరు చివరికొచ్చేసరికి ‘హెడ్’ అయిపోయింది. ఎవరూ దిద్దలేదు. మెదడు తలలోనే ఉంటుంది కదా అని సరిపెట్టుకున్నారేమో.

ఇలాంటివాటికి తోడు కూర్చునేవాళ్ళు మా ఇంట్లో దొరకరు. మా ఆవిడ టైటిల్స్ పడుతుండగానే నిద్రపోతుంది. పిల్లలు ఐదు నిమిషాలు చూసి, “ఇది భయమా?” అని అడిగి వెళ్ళిపోతారు. అందుకే మా బావగారు ఆఫీసు పని మీద వచ్చి రాత్రికి ఉంటానంటే సంబరపడ్డాను. ఆయన మా ఆవిడ అన్నయ్య. ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసరుగా పాతికేళ్ళ అనుభవం. హోటల్ గదిలోకి అడుగుపెడితే ముందు మంచం కాదు, బయటికి పోయే దారి ఎక్కడుందో చూస్తారు.

హాల్లో లైట్లు తీసి, ప్రొజెక్టరు పెట్టి, ఎడ్ వుడ్ 1955లో తీసిన ‘బ్రైడ్ ఆఫ్ ద మాన్‌స్టర్’ వేశాను. డెబ్బై దాటిన బెలా లుగోసి అందులో డాక్టర్ వోర్నాఫ్. మనుషుల్ని అణుశక్తితో మహాబలులుగా మార్చాలని ఆయన సంకల్పం. దొరికినవాణ్ణి బల్లకి కట్టి, నెత్తిన ఇనుప టోపీ బోర్లించి, కిరణం వదులుతాడు. వాళ్ళు మహాబలులు కారు, చచ్చిపోతారు. ఆయన కాసేపు విచారించి ఇంకొకణ్ణి తెమ్మంటాడు.

“బావగారూ, ఆ కిరణాల మెషీను నేనెక్కడో చూశాను,” అన్నారు బావగారు.

చూసే ఉంటారు. అది ఫొటోలు పెద్దవి చేసే స్టూడియో యంత్రం. ఆ మాట చెప్పగానే ఆయన సర్దుకుని కూర్చున్నారు. ఇక ఆడిట్ మొదలైంది.

“గ్లౌజులేవి? కళ్ళద్దాలేవి? మంటలార్పే సిలిండరు ఒక్కటైనా ఉందా? ఇంత ల్యాబుకి ఒకే స్విచ్చా? ఎర్తింగ్ ఎక్కడిచ్చాడు? ఆ తలుపు లోపలికి తెరుచుకుంటోంది చూశారా, అది బయటికి తెరుచుకోవాలి.”

పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. మామయ్య వ్యాఖ్యానం కోసమే వాళ్ళు కదలకుండా కూర్చున్నారు. మా ఆవిడ కూడా మేలుకునే ఉంది! రబ్బరు ఆక్టోపస్ వచ్చినప్పుడైతే ఇల్లు ఎగిరిపోయింది. అది తనంతట తాను కదలదు. దాని పాలబడ్డవాడే దాని కాళ్ళు పట్టుకుని, ఒంటికి చుట్టుకుని, అదే తనని చంపేస్తోందని గింజుకోవాలి. చావు కూడా సొంత ఖర్చు మీదే అన్నమాట.

కానీ మధ్యలో ఒక చోట ఎవరూ నవ్వలేదు. స్వదేశం నుంచి వోర్నాఫ్‌ని వెనక్కి తీసుకుపోవడానికి ఒకడొస్తాడు. అప్పుడు లుగోసి చెబుతాడు: తనని తరిమేశారు, వెలివేశారు, తనకి ఇల్లంటూ లేదు, ఈ అడవే తన ఇల్లు, అయినా లోకానికి తానేమిటో చూపిస్తాడట. వెనక గోడ అట్టముక్కదని తెలుస్తూనే ఉంది. ఆ ముసలాయన మాత్రం ఆ గోడ ముందు మహారాజులా నిలబడి మాట్లాడాడు. ఒకప్పుడు డ్రాకులాగా లోకాన్ని వణికించిన మనిషి మరి. ఈ సినిమాల్లో నన్ను పట్టేసేది ఇదే. తెర మీద ఒక్కడంటే ఒక్కడు మనవైపు చూసి కన్ను కొట్టడు. తెలిసీ పేలవంగా తీసిన కొత్త సినిమాలు ఈ పని చెయ్యలేవు, ఎంత రబ్బరు వాడినా. అయినా డబ్బు లేక, నమ్మేవాడు లేక, దొరికిన సామానుతో ప్రాణం పోద్దామని చూసే మనిషి సైంటిస్టా, దర్శకుడా? నాకు తేడా తెలియదు.

బావగారు కూడా ఆ రెండు నిమిషాలూ ఏమీ అనలేదు. తర్వాత లేచి, “రేపు మీటింగుకి చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, మీరు చూస్తూ ఉండండి,” అని సోఫా వెనక్కి వెళ్ళారు. నేను తెరలో మునిగిపోయాను.

తెర మీద నౌకరు లోబో తిరగబడ్డాడు. యజమానినే బల్లకి కట్టేసి, తనకేమీ తెలియని మీటల దగ్గరికి నడిచాడు.

సోఫా వెనక నుంచి గొంతు: “చూశారా, శిక్షణ లేనివాణ్ణి మెషీను దగ్గరికి రానివ్వకూడదు!”

లోబో మీట తిప్పాడు. ఢాం!

నీలంగా ఒక మెరుపు, చిటపటమని శబ్దం, కాలిన వాసన, ఇల్లంతా చీకటి. 1959లో విలియం క్యాజిల్ తన ‘ద టింగ్లర్’ కోసం కొన్ని థియేటర్లలో సీట్ల కింద మోటార్లు బిగించి జనాన్ని అదరగొట్టాడు. మా పిల్లలు ఇదీ అలాంటి ఏర్పాటే అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య సోఫా వెనక నుంచి పొగ లేచింది. పొగలోంచి ఫోన్ టార్చి వెలిగింది. గడ్డం కింద నుంచి ఆ వెలుగు, రేగిన జుట్టు, తళుక్కుమంటున్న కళ్ళద్దాలు, చేతిలో తెల్లగా వేలాడుతున్నదేదో. దాని నడుమ నల్లటి ముక్కోణం చిల్లు.

“ఎవరూ భయపడకండి,” అంది ఆ ఆకారం. “అంతా నా అదుపులోనే ఉంది.”

అప్పుడు వేశారు పిల్లలు కేకలు! మా ఆవిడ కేక వాళ్ళకంటే పెద్దది.

విచారణలో తేలిందేమిటంటే, ప్రొజెక్టరు, స్పీకర్లు, రెండు ఫోన్ చార్జర్లు ఉన్న పల్చటి ఎక్స్‌టెన్షన్ బాక్సుకే బావగారు ఇస్త్రీపెట్టె కూడా తగిలించారు. ఆడపడుచుగా మా ఆవిడకున్న హక్కులన్నీ ఆ చీకట్లోనే వాడేసుకుంది.

“అన్నయ్యా, ఎర్తింగ్ ఎక్కడిచ్చావ్?” అనడిగింది.

బావగారు నేరుగా జవాబివ్వలేదు. “అసలు సినిమా చూస్తూ ఇస్త్రీ చెయ్యకూడదు. రూల్స్‌లో రాయించాలి,” అన్నారు. మాడిన బాక్సు పీకేసి, ట్రిప్పైన స్విచ్చు ఎత్తి, ప్రొజెక్టరుని గోడ ప్లగ్గుకి పెట్టాను. మిగతా సినిమా బావగారు నోరు మెదపకుండా చూశారు. చివర్లో అంతా పేలిపోయినప్పుడు కూడా తలుపు ఎటు తెరుచుకుంటుందో అడగలేదు.

“సినిమా బాలేదు,” అంది మా చిన్నది పడుకోబోతూ. “మామయ్య బాగా చేశాడు.”

పొద్దున బావగారు నా చొక్కా వేసుకుని మీటింగుకి వెళ్ళారు. ఆయనే ముఖ్య వక్త. అంశం: పని ప్రదేశాల్లో విద్యుత్ భద్రత.